మెదడు బొమ్మ చూపి మనసుకు ధర కట్టేవారు

గత సంవత్సరం శ్రావణ మాసంలో ఒక ఆదివారం ఉదయం, ఒకప్పుడు నాతో ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసిన మిత్రుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగడం పూర్తికాకముందే సంచిలో నుంచి ఒక కాగితం తీసి నా బల్లమీద పరిచాడు. నిగనిగలాడే దళసరి కాగితం. దానిమీద మనిషి తలను పైనుంచి చూసినట్లుగా గీసిన గుండ్రాలు, వాటి నిండా ఎరుపు, పసుపు, నీలం రంగులు. ఎర్రగా ఉన్నచోట కలంతో సున్నా చుట్టి, పక్కన ఇంగ్లీషులో "అమిగ్డలా అతిగా పనిచేస్తున్నది" అన్న అర్థం వచ్చేలా రాశారు.

ఆ అమ్మాయి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని. అంతకు రెండేళ్ళ క్రితం ఆమె బడికి వెళుతున్న ఆటోను లారీ ఢీకొట్టింది. పక్కన కూర్చున్న తోటి ఉపాధ్యాయిని అక్కడికక్కడే ప్రాణం విడిచింది. ఈమెకు మోచేతి దగ్గర చిన్న గాయం తప్ప మరేమీ కాలేదు. ఆ గాయం పది రోజులలో మానిపోయింది. "అదృష్టవంతురాలివి" అన్నారు అందరూ. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. వెనకనుంచి హారను వినబడితే ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆటో ఎక్కలేదు, ఆ రోడ్డున వెళ్ళలేదు. తరగతి గదిలో పిల్లవాడు డస్టరు కింద పడేస్తే కేకవేసి బయటకు పరుగెత్తింది.

ఒక కేంద్రంవారు "మెదడు ఆధారిత చికిత్స" చేస్తామన్నారు. తలకు తీగలున్న టోపీ తొడిగారు. కంప్యూటరు తెరమీద విమానం బొమ్మ ఎగురుతూ ఉంటే చూడమన్నారు. ఇరవై సిట్టింగులు, లక్షా ఇరవై వేల రూపాయలు. మిత్రుడు భార్య గాజులు తాకట్టు పెట్టాడు. ఇరవై సిట్టింగులూ అయిపోయినవి, ఆమె పరిస్థితిలో మార్పు లేదు. "మీ అమ్మాయి మెదడు మొండిగా ఉన్నది, మరో ఇరవై కావాలి" అన్నారట.

తండ్రి ఇదంతా చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి ఆ కాగితంవంకే చూస్తూ కూర్చున్నది. చివరకు ఒక్క మాట అడిగింది: "అంకుల్, నా మెదడు ఇక బాగుపడదా?"

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఆమె అనుమతితో, ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

నేను దేనిని వ్యతిరేకిస్తున్నాను

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. మెదడును గురించిన శాస్త్రానికి నేను వ్యతిరేకిని కాను. నలభై ఏళ్ళు అల్లోపతి వైద్యం చేసినవాడిని, కాలేను కూడా. మూర్ఛవ్యాధిని గుర్తించడంలో ఈఈజీ పరీక్షకు సాటి లేదు. మందులకు లొంగని డిప్రెషన్‌కు తలపై అయస్కాంత తరంగాలతో చేసే చికిత్స ఉన్నది, దానికి ఆధారాలూ ఉన్నవి. నేను వ్యతిరేకించేది "మెదడు" అన్న మాటను సరుకుగా మార్చి, దుఃఖంలో ఉన్నవారికి అమ్మే వ్యాపారాన్ని. "మూడు సిట్టింగులలో మీ మెదడును రీవైరింగ్ చేస్తాం", "చిన్ననాటి గాయాలను నరాల స్థాయిలో తుడిచివేస్తాం", "మాట్లాడనవసరం లేదు, యంత్రమే చూసుకుంటుంది" వంటి ప్రకటనలు ఫోను తెరిస్తే చాలు కనబడుతున్నవి. గాయపడిన మనిషికి అన్నిటికంటె అవసరమైనది, నైపుణ్యంతో వినే మరొక మనిషి. ఈ వ్యాపారం ఆ మనిషిని పక్కకు నెట్టి, ఆ చోట యంత్రాన్ని కూర్చోబెడుతున్నది. నా అభియోగం ఇదే.

మెదడులో నిజంగా జరిగేది ఏమిటి

ప్రాణాపాయం ఎదురైనప్పుడు మన శరీరం ఆలోచనకోసం ఆగదు. మెదడు లోతున, కణతల భాగంలో, బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా ప్రమాద సంకేతం ఇస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇది రోగం కాదు, మనలను బ్రతికించే ఏర్పాటు. ప్రమాదం గడిచాక నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ భాగం "ఇక భయం లేదు" అని సర్దిచెబుతుంది. "ఇది ఎప్పుడు, ఎక్కడ జరిగింది" అన్న సందర్భాన్ని హిప్పోకాంపస్ అన్న భాగం జ్ఞాపకానికి జతచేస్తుంది.

కొందరిలో ఈ సర్దుబాటు పూర్తికాదు. జరిగిపోయిన సంఘటన గతంగా మారదు, ఇప్పుడే జరుగుతున్నట్లు పదే పదే కళ్ళముందుకు వస్తుంది. దానిని గుర్తుచేసే ప్రతిదాని నుంచీ మనిషి తప్పించుకు తిరుగుతాడు. ఎల్లవేళలా ఏదో ముంచుకొస్తున్నట్లు అప్రమత్తంగా ఉంటాడు. ఈ మూడూ కలిసి కొన్ని వారాలు దాటి కొనసాగుతూ, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తే దానినే పీటీఎస్‌డీ అంటాము. తెలుగులో ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అనవచ్చు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఈ పేరును తన వ్యాధుల పట్టికలో చేర్చినది 1980లో.

ఘోరాన్ని చూసిన ప్రతివారికీ ఈ వ్యాధి రాదు. ప్రపంచ జనాభాలో సుమారు 70 శాతం మంది జీవితకాలంలో ఏదో ఒక తీవ్ర ఆఘాతాన్ని ఎదుర్కొంటారనీ, వారిలో ఈ రుగ్మతకు లోనయ్యేవారు 5.6 శాతమేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తక్కినవారు కాలక్రమంలో, కుటుంబ సహాయంతో, తమంత తామే కోలుకుంటారు. ఈ అంకెను గుర్తుంచుకోండి. తరువాత దీనితో పని ఉన్నది.

ఇక అసలు మాట. మెదడు మారుతుందా? తప్పక మారుతుంది. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త మొదట మానసిక వైద్యుడిగా శిక్షణ పొందినవాడు. సముద్రపు నత్తజాతి జీవిపై దశాబ్దాలు పరిశోధించి, నేర్చుకోవడమంటే నరాల మధ్య సంధులలో జరిగే మార్పేనని నిరూపించి, 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఎక్కం బట్టీపట్టినా, సైకిలు తొక్కడం నేర్చినా, స్నేహితురాలితో మనసు విప్పి మాట్లాడినా మెదడు మారుతుంది. కనుక మాటలతో చేసే మంచి చికిత్స ప్రతిదీ మెదడు ఆధారిత చికిత్సే. దానిని వేరే డబ్బాలో పెట్టి, వేరే ధర వేసి అమ్మవలసిన పని లేదు.

రంగుల బొమ్మ మాయ

మరి ఆ కాగితం సంగతి ఏమిటి? తలపై తీగలు పెట్టి నమోదు చేసే ఈఈజీ, పుర్రెకు దగ్గరగా ఉన్న పైపొర నుంచి వచ్చే విద్యుత్ తరంగాలను పట్టుకుంటుంది. అమిగ్డలా ఉన్నది మెదడు లోతున. తలమీది టోపీ దాని పనితీరును నమ్మదగిన రీతిలో చూపలేదు. అంటే ఆ కాగితంమీద సున్నా చుట్టి రాసిన మాటకు ఆ పరీక్షలోనే ఆధారం లేదు. ఇక ఆ రంగులు కంప్యూటరు వేసినవి. ఒక సగటుతో పోల్చి ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే నీలం. రోగి దవడ బిగించినా, రెప్పలు ఎక్కువగా ఆర్పినా, ముందురాత్రి నిద్ర లేకపోయినా, నిద్రమాత్ర వేసుకున్నా ఆ తరంగాలు మారుతాయి. నిద్ర లేక, భయంతో పళ్ళు బిగించి కూర్చున్న ఆడపిల్ల తలమీద ఎరుపు కనబడటంలో వింత ఏమున్నది?

స్కానులు సైతం జాగ్రత్తగా చదవకపోతే ఎంత మోసం చేయగలవో ఒక ఉదాహరణ చెబుతాను. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ అనే పరిశోధకుడూ అతని సహచరులూ ఒక చచ్చిన సాల్మన్ చేపను మెదడు స్కానింగు యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. లెక్కలలో తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోతే, ఆ చచ్చిన చేప మెదడులోనూ చలనం ఉన్నట్లు తెరమీద చుక్కలు వెలిగినవి! శాస్త్రవేత్తలు తమ తోటివారిని హెచ్చరించడానికి చేసిన ప్రయోగమది. మన వ్యాపారులకు ఆ హెచ్చరిక చేరినట్లు లేదు.

ఇంతకూ మనం ఎందుకు నమ్ముతాము? దీనికీ పరిశోధన ఉన్నది. 2008లో డీనా వైస్‌బర్గ్ బృందం కొందరికి మానసిక విషయాలపై మంచి వివరణలూ, పసలేని వివరణలూ ఇచ్చింది. కొన్నిటిలో మెదడు గురించి అసలు సంబంధం లేని ఒక వాక్యాన్ని చేర్చింది. ఆ వాక్యం చేరగానే పసలేని వివరణలు కూడా సామాన్యులకూ, విద్యార్థులకూ మరింత తృప్తికరంగా తోచినవి. మెదడు శాస్త్రం నిజంగా తెలిసిన నిపుణులు మాత్రం ఆ వలలో పడలేదు. ప్రకటన రాసేవారికి ఈ రహస్యం బాగా తెలుసు.

చరిత్ర చెప్పే పాఠం

మెదడును నేరుగా సరిచేసి మనసును బాగుచేస్తామన్న తొందర ఇదివరలో ఎక్కడికి దారితీసిందో ఈ తరంవారికి తెలియాలి. పోర్చుగల్‌కు చెందిన ఎగాస్ మోనిజ్ 1935లో మానసిక రోగుల మెదడు ముందుభాగపు నరాల తీగలను తెగ్గొట్టే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. 1949లో అతనికి నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ శస్త్రవైద్యంలో శిక్షణ లేకపోయినా, 1946 నుంచి కనుగుడ్డు పైభాగం గుండా మొనదేలిన పరికరం దించి అదే పని చేస్తూ ఊరూరా తిరిగాడు. వేలాదిమంది నిస్తేజమైన బ్రతుకులు బ్రతికారు, కొందరు మరణించారు. "రోగి నెమ్మదించాడు" అన్నదే అప్పటి విజయం. ఈనాటి తీగల టోపీ అంత ప్రమాదకరం కాదు, ఒప్పుకుంటాను. కానీ నిరూపణకు ముందే ప్రచారం పరుగెత్తడం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

రుజువైన చికిత్సలు ఏమిటి

పీటీఎస్‌డీకి మంచి చికిత్సలు ఉన్నవి. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నిరాశే వ్యాపారికి పెట్టుబడి.

ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ పద్ధతిలో, తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట, నిపుణుల తోడుతో, మళ్ళీ మళ్ళీ చెప్పిస్తారు. భయపడే స్థలాలకు మెట్టు మెట్టుగా తీసుకువెళతారు. పాట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో, ఆ సంఘటన మనసులో నాటిన తప్పుడు తీర్మానాలను, ముఖ్యంగా "తప్పంతా నాదే" అన్న భావాన్ని, బయటకు తీసి విచారిస్తారు. ఇది సాధారణంగా 12 సిట్టింగులు. ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రచురించిన ఈఎండీఆర్ పద్ధతిలో జ్ఞాపకాన్ని తలచుకుంటూ వైద్యుని వేళ్ళ కదలికలను కళ్ళతో అనుసరిస్తారు. ఆఘాతంపై దృష్టిపెట్టే ఇటువంటి మాటల చికిత్సనూ, ఈఎండీఆర్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఈఎండీఆర్‌లో మేలు చేస్తున్నది కంటి కదలికలా, లేక జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమా అన్నదానిపై పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. పద్ధతి పనిచేస్తుంది, మెదడులో రెండువైపులూ కలుస్తాయన్న ప్రచారం మాత్రం నిరూపితం కాదు. అవసరమైనవారికి సెర్ట్రలీన్ వంటి మందులు కూడా ఉపయోగపడతాయి.

వీటికి యంత్రం కావాలా? 2013లో కాంగో దేశపు పల్లెలలో జరిగిన పరిశోధన వినండి. యుద్ధకాలంలో లైంగిక హింసకు గురైన స్త్రీలకు, అక్షరజ్ఞానం లేనివారికి సైతం వీలయ్యే విధంగా మార్చిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీని బృందాలుగా అందించారు. అందించినవారు వైద్యులు కారు, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు. ఆరు నెలల తరువాత చూస్తే, విడివిడిగా సాధారణ సహాయం మాత్రమే అందుకున్నవారిలో 42 శాతం మందికి ఇంకా డిప్రెషన్ లేదా ఆందోళన లక్షణాలున్నవి. చికిత్స పొందినవారిలో 9 శాతం మందికే మిగిలినవి. కరెంటు అక్కరలేదు, రంగుల కాగితం అక్కరలేదు. మన దేశంలోనే గోవాలో విక్రమ్ పటేల్ బృందం, వైద్యేతరులకు శిక్షణ ఇచ్చి తీవ్రమైన డిప్రెషన్‌కు ఆరోగ్య కేంద్రాలలోనే మాటల చికిత్స అందించవచ్చునని 2017లో చూపింది. కానీ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరకే అనలేదు. మనిషి మనిషితో మాట్లాడటం వైద్యమంటే మనకు చులకన.

"కానీ డాక్టరు గారూ..."

నా మాటలకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు.

"మా బంధువుకు అక్కడే నయమైంది కదా?" అయి ఉండవచ్చు. పైన చెప్పిన అంకెను గుర్తుచేసుకోండి. ఆఘాతానికి గురైన వారిలో అత్యధికులు కాలక్రమంలో వాటంతట అవే కోలుకుంటారు. ఆ కాలంలో ఏ తాయెత్తు కట్టినా ఆ ఘనత తాయెత్తుదే. వారం వారం ఒకచోటికి వెళ్ళడం, ఒకరు శ్రద్ధగా పలకరించడం, డబ్బు కట్టాము కనుక తగ్గుతుందన్న ఆశ, ఇవి కూడా కొంత మేలు చేస్తాయి. అందుకే ఏ చికిత్సనైనా ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూడాలంటాము. న్యూరోఫీడ్‌బ్యాక్‌పైనా, కంటిచూపు నిలిపే బ్రెయిన్‌స్పాటింగ్‌పైనా ఉన్న అధ్యయనాలు చిన్నవి, ఇంకా గట్టిపడనివి. పరిశోధన చేయండి, తప్పులేదు. కానీ పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర ఎవరూ లక్షలు వసూలు చేయరు.

రెండవ అభ్యంతరం బరువైనది. "మనసుకు జబ్బు అంటే లోకం నవ్వుతుంది, మెదడుకు జబ్బు అంటే జాలిపడుతుంది. ఆ మాటవల్లనైనా వైద్యానికి వస్తున్నారు కదా?" నిజమే. ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే తిట్టుగా వాడిన జాతి మనది. కానీ ఆ అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న మరొకసారి చదవండి. "నేను పిచ్చిదానినా" అన్న సిగ్గు పోయి, "నా మెదడు చెడిపోయింది" అన్న భయం వచ్చింది. సిగ్గుపడేవాడికి ధైర్యం చెప్పవచ్చు. తన మెదడు మొండిదని కాగితంమీద చూసినవాడికి ఏమి చెప్పాలి? మెదడు మాట సిగ్గును పోగొట్టలేదు, దానిని ఎముకలోకి దించింది.

నా తప్పు

ఇతరులను నిందించేవాడు తన లెక్క కూడా చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేలమందికి పైగా మరణించారని అంచనా. అప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. చదువు ముగించుకొని కొత్తగా పట్టా పుచ్చుకున్న వైద్యుడిని. అవనిగడ్డ ప్రాంతంలో ఒక సహాయ శిబిరానికి నన్ను పంపారు. కలరా టీకాలు, నీళ్ళలో బ్లీచింగు, కుళ్ళిన గాయాలకు కట్లు, వీటితో రోజులు గడిచేవి.

ఒకనాడు ఒక ముసలమ్మ తన కోడలిని వరుసలోకి తీసుకువచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. మాట లేదు, ఏడుపు లేదు, కుడి అరచేతిని చూసుకుంటూ నిలబడింది. "తుమ్మచెట్టు పట్టుకొని రాత్రంతా ఉన్నాం బాబూ. పిల్లోడు చెయ్యి జారిపోయాడు. ఆనాటి నుంచీ ఇంతే" అన్నది అత్త. వెనక పొడవాటి వరుస. నేను చీటీమీద "హిస్టీరియా" అని రాశాను. బీకాంప్లెక్సు ఇంజెక్షను చేసి, డయజిపామ్ బిళ్ళలు ఇచ్చి పంపాను. ఆ బిడ్డ పేరు ఏమిటమ్మా అని అడగలేదు. ఆమె పేరు కూడా అడగలేదు.

అప్పటికి పీటీఎస్‌డీ అన్న పేరే పట్టికలో లేదని సమర్థించుకోవచ్చు. తరువాతి ముప్ఫై ఏళ్ళకు ఆ సమర్థన చెల్లదు. ప్రమాదాలలో, కాన్పులలో, ఇళ్ళలో దెబ్బతిని నిద్రపట్టడం లేదని వచ్చినవారికి మేము రాసినది ఎక్కువగా ఆ బిళ్ళే. ఆఘాతం జరిగిన తొలి నెలలో ఆ తరగతి మందులను పెద్దలకు ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో స్పష్టంగా చెప్పింది. మేము వినకుండా బిళ్ళలిచ్చి పంపినవారే నేడు తీగల టోపీల దగ్గర వరుసలో నిలబడుతున్నారు. ఆ వ్యాపారానికి ఖాళీ స్థలం ఇచ్చినది మేమే.

ప్రభుత్వ బాధ్యత

నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం వరకు చికిత్స అందనివారే. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి పౌరునికీ ప్రభుత్వ మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. శరీర వ్యాధులతో సమానంగా ఆరోగ్య బీమా వర్తించాలన్నది. చట్టం 2018 మేలో అమలులోకి వచ్చింది. మన తాలూకా ఆసుపత్రికి వెళ్ళి "మాటల చికిత్స చేసేవారు ఉన్నారా" అని అడిగి చూడండి, హక్కుకూ అమలుకూ మధ్య దూరం తెలుస్తుంది.

ప్రకటనల సంగతీ అంతే. మెదడు రుగ్మతలను నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయితే ఆ చట్టం బిళ్ళలనూ, లేహ్యాలనూ, తాయెత్తులనూ దృష్టిలో పెట్టుకొని రాసినది. తెరమీద విమానం ఎగరేసే సిట్టింగుల వ్యాపారం అప్పటివారి ఊహలో లేదు. ఇటువంటి చికిత్సల ప్రకటనలకు కూడా ఆధారం చూపమని అడిగే నిబంధన కావాలి. అంతకంటె ముందు, ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో ఆఘాత చికిత్సలో శిక్షణ పొందిన ఒక్క మనిషి కావాలి. కాంగో పల్లెలలో సాధ్యమైనది కృష్ణా, కరీంనగర్ పల్లెలలో ఎందుకు సాధ్యం కాదు?

డబ్బు కట్టేముందు అడగవలసినవి

పాఠక మిత్రులారా, మీ ఇంటివారిని ఎక్కడికి తీసుకువెళ్ళినా ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

1. చికిత్స చేసేవారి అర్హత ఏమిటి? ఎండీ చేసిన మానసిక వైద్యులా, లేక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులా? "సర్టిఫైడ్ కోచ్" అన్నది వైద్య అర్హత కాదు.
2. చికిత్స పేరేమిటి? ఈ రుగ్మతకు దానిని ఏ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది?
3. జరిగిన సంఘటనను గురించి ఎవరైనా నిదానంగా విన్నారా, లేక ముందే టోపీ తొడిగారా?
4. సిట్టింగుకు సిట్టింగు డబ్బు కట్టవచ్చునా, లేక మొత్తం ముందే కట్టాలా?
5. నాలుగైదు వారాలలో మార్పు లేకపోతే ఏమి చేస్తారు? "మీ మెదడు మొండిది" అన్నది జవాబు అయితే లేచి వచ్చేయండి.

ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నా, తనకు తాను హాని చేసుకుంటున్నా ఒక్కరోజు కూడా ఆగవద్దు. వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా అందుతున్నది.

చివరిగా

ఆ ఆదివారం నేను ఆ అమ్మాయికి "నీ మెదడు చెడిపోలేదమ్మా, అది నిన్ను కాపాడాలని ఇంకా కాపలా కాస్తున్నది. ప్రమాదం అయిపోయిందని దానికి నేర్పాలి, అంతే" అని చెప్పాను. ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపాను. వారానికొకసారి, పన్నెండు వారాలు. మొదట ఆగి ఉన్న ఆటో పక్కన నిలబడింది. తరువాత ఇంజను ఆపిన ఆటోలో కూర్చున్నది. ఆ తరువాత వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది.

నాలుగో వారంలో ఆమె అంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి బయటపడిందట. ఆ ఉదయం ముఖాన ఎండ పడుతున్నదని, స్నేహితురాలిని అటువైపు జరగమని అడిగినది తానే. లారీ తగిలినది ఆ వైపే. రెండేళ్ళు ఆ మాటను ఒక్కతే మోసింది. ఇరవై సిట్టింగులలో ఆ యంత్రం దానిని అడగలేదు, అడగలేదు కూడా కాదు, అడగడం దానికి రాదు. తన తల్లిదండ్రులకు ఆ మాట తానే చెప్పుకోవడానికి, నాకు చెప్పడానికి అనుమతించడానికి ఆమెకు మరికొన్ని వారాలు పట్టింది.

ఇప్పుడు ఆమె బస్సులో బడికి వెళుతున్నది. ఆ మలుపు దగ్గర ఇప్పటికీ కళ్ళు మూసుకుంటుందట. గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నవి.

నా బల్ల సొరుగులో ఆ రంగుల కాగితం భద్రంగా ఉన్నది. "మెదడు చికిత్స చేయించమంటారా" అని నన్ను అడగడానికి వచ్చేవారికి దానిని చూపిస్తున్నాను. చూపించి, ముందుగా వారిని కూర్చోబెట్టి, ఏమి జరిగిందో చెప్పమంటున్నాను. దివిసీమలో నేను చేయవలసి ఉండిన పని అదే.